టైరు అరుస్తోందంటే టైము పోతోంది

(సొంతంగా కార్ట్, అంటే నేలకి ఆనుకున్నట్టుండే చిన్న రేసు బండి, తయారుచేసి పోటీలకి వెళ్తున్న ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

మైకు పనిచేస్తోందా? వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందే చెప్పేస్తాను, నేను ప్రొఫెషనల్ డ్రైవర్ని కాదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం పొద్దున్నే హెల్మెట్ సంచి భుజాన వేసుకుని ట్రాక్‌కి పోయే మనిషిని. ఆరేళ్ళ నుంచి పోతున్నాను. అందులో మొదటి ఏడాది మొత్తం తప్పుగానే నడిపాను కాబట్టి తప్పుల గురించి మాట్లాడే అర్హత మాత్రం నాకు దండిగా ఉంది. (నవ్వులు)

బయట మీ బండి చూశాను. వెల్డింగ్ శుభ్రంగా ఉంది, సీటు ఎత్తు చక్కగా పెట్టారు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన నాలుగు గొట్టాలు అతికించి, గడ్డి కోసే మిషన్లకి వాడే ఇంజిన్ తగిలించి మొదటి కార్ట్ కట్టాడు. మీరు చేసిందీ దాదాపు అదే పని. కానీ మీ సార్ ఒక మాట చెప్పారు, పోయిన పోటీలో మీ బండి చెడిపోలేదు, ఎక్కడా ఆగలేదు, అయినా వెనకబడ్డారని. ఎంతసేపు ప్రాక్టీస్ చేశారని అడిగితే, ముందురోజు సాయంత్రం రెండు గంటలన్నారు. బండి కట్టడానికి ఆరు నెలలు, నడపడానికి రెండు గంటలు. ఇంక నేను వేరే కారణం వెతకలేదు.

నా మొదటి రోజు సంగతి చెప్తాను. అద్దె కార్ట్, పది నిమిషాల సెషన్. యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టి, మలుపు ముక్కుదాకా వచ్చాక బ్రేక్ గట్టిగా కొట్టి, స్టీరింగ్ ఒక్క ఊపున తిప్పితే బండి వెనకభాగం అడ్డంగా జారుతోంది, టైర్లు కీచుమని అరుస్తున్నాయి, కంచె దగ్గర నిలబడ్డ మా ఫ్రెండ్స్ ఈలలు వేస్తున్నారు, నా అంతటి మొనగాడు లేడనుకున్నాను. ఇంతలో వెనక నుంచి ఒకాయన వచ్చారు. యాభై పైబడ్డ మనిషి, పొట్ట ఉంది, సీట్లో పట్టడమే కష్టంగా ఉంది ఆయనకి. ఆయన బండి చప్పుడే చెయ్యట్లేదు. రెండో మలుపులో నా వెనక, మూడో మలుపు దాటాక నా పక్కన, ఆ తర్వాత నా ముందు, ఆ తర్వాత అసలు కనపడలేదు. సెషన్ అయ్యాక ఇచ్చే కాగితం చూసుకుంటే నా బెస్ట్ ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, 48.9 సెకన్లు, ఆయనది 45.2. బండ్లు ఒకటే రకం. పైగా ఆయన నాకంటే ఇరవై కిలోలు ఎక్కువే ఉంటారు. ఉండబట్టలేక వెళ్ళి అడిగాను, ఎలా అంకుల్ అని. "నీ టైర్లు అరుస్తున్నాయి చూశావా బాబూ, అదంతా నీ ఇంజిన్ సంపాదించిన స్పీడే. నువ్వు దాన్ని నేలకేసి రుద్ది పారేస్తున్నావు" అన్నారు. అని మజ్జిగ ప్యాకెట్ నోటితో చింపుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మీకు ఈ గంటలో అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, మిగతాది మీరే చూసుకుంటారు.

అద్దె కార్ట్‌ల్లో ఇంజిన్ చిన్నది. హోండా జీఎక్స్ రకాలు ఎక్కువగా కనపడతాయి, 196 సీసీదో 270 సీసీదో, ఆరు నుంచి తొమ్మిది హార్స్‌పవర్ వరకు. పెద్ద ఇంజిన్ ఉన్న కారులో మలుపులో పోగొట్టుకున్న స్పీడ్‌ని పెడల్ నొక్కి తెచ్చేసుకోవచ్చు. ఇక్కడ ఒకసారి పోయిన స్పీడ్ మళ్ళీ వచ్చేలోపు స్ట్రెయిట్, అంటే మలుపుల మధ్య ఉండే నేరు దారి, కాస్తా అయిపోతుంది. అంటే కార్ట్ నడపడమంటే పిసినారితనం, పోగేసిన స్పీడ్‌ని పైసా కూడా ఊరికే ఖర్చు పెట్టకూడదు.

ఇంకోటి, ఇది మెకానికల్ వాళ్ళకి బాగా ఎక్కుతుంది. ఎద్దులబండి చూశారుగా, అందులో ఇరుసు తిరగదు, చక్రాలు దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరిగితే తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది, ఎవరికీ గొడవ లేదు. కారుకైతే ఆ పని చేసిపెట్టడానికి డిఫరెన్షియల్ ఉంది. కార్ట్‌లో అదీ లేదు, ఇదీ లేదు. వెనక ఇరుసే తిరుగుతుంది, రెండు చక్రాలూ దానికి బిగించేసి ఉంటాయి. చక్రాల మధ్య దూరం 1.1 మీటర్ అనుకోండి, 90 డిగ్రీల మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 1.7 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి, కానీ రెండూ ఒకే లెక్కన తిరుగుతున్నాయి. మరి ఆ 1.7 మీటర్లు ఎక్కడికి పోతాయి? ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి. దీనికి విరుగుడు కార్ట్ ముందు చక్రాల జామెట్రీలోనే ఉంది. స్టీరింగ్ తిప్పగానే లోపలి వైపు ముందు చక్రం కిందికి నొక్కుకుంటుంది, ఛాసిస్, అంటే బండి చట్రం, కాస్త వంగుతుంది, లోపలి వైపు వెనక చక్రం నేల మీద నుంచి లేస్తుంది. ఒక అట్ట ముక్క పట్టేంత లేస్తే చాలు. అప్పుడు బండి మూడు చక్రాల మీద హాయిగా తిరుగుతుంది. మీ కార్ట్‌కి సస్పెన్షన్ లేదని మీలో ఎవరో బాధపడ్డారట, ఆ వంగే ఛాసిస్సే మీ సస్పెన్షన్.

దీని వల్ల తేలేదేమిటంటే, స్టీరింగ్ భయంభయంగా కొంచెం కొంచెం తిప్పుతూ పోతే ఆ చక్రం లేవదు, బండి మొండికేసి నేరుగా పోతుంది. అవసరానికి మించి తిప్పి అలాగే పట్టుకుంటే ముందు టైర్లు రుద్దుకుంటాయి. ఒకే ఒక్కసారి, నిదానంగా, కానీ తడబడకుండా తిప్పాలి. ఏపెక్స్ దాటగానే చేతులు వదులు చెయ్యడం మొదలుపెట్టాలి, లేచిన చక్రం మళ్ళీ నేలకి దిగి తోయాలి కదా.

ఏపెక్స్ అంటే తెలుసుగా, మలుపులో లోపలి అంచుకి మనం బాగా దగ్గరయ్యే చోటు. ఇప్పుడు లైన్ గురించి, అంటే మలుపులో మన బండి ఏ గీత మీద పోవాలో దాని గురించి.

కుడివైపు 90 డిగ్రీల మలుపు తీసుకుందాం. లోపలి అంచు వ్యాసార్ధం 5 మీటర్లు, మనం వాడుకోగలిగే వెడల్పు ఇంకో 5 మీటర్లు. కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే ట్రాక్ మధ్యలో వచ్చి, మధ్యలోనే తిరిగి, మధ్యలోనే బయటపడతారు, రోడ్డు మీద బుద్ధిగా పోయే అలవాటు. అప్పుడు మీరు తిరిగే వ్యాసార్ధం 7.5 మీటర్లు. అలా కాకుండా ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి కర్బ్‌ని, అంటే ట్రాక్ అంచు గట్టుని, తాకి, మళ్ళీ ఎడమ అంచుకి వెళ్ళిపోతే? లెక్క వేస్తే ఆ వంపు వ్యాసార్ధం 22 మీటర్లు వస్తుంది. మూడు రెట్లు! వేగం వర్గం అంటే ఘర్షణ గుణకం, గురుత్వం, వ్యాసార్ధం ఈ మూడింటి లబ్ధం, ఇది మీకు ఇంటర్‌లోనే చెప్పారు. ఘర్షణ గుణకం ఒకటి అనుకుంటే, మధ్యలో తిరిగినవాడు గంటకి 31 కిలోమీటర్ల దగ్గర జారిపోతాడు, అంచులు వాడుకున్నవాడు 53 దాకా పట్టు పోగొట్టుకోడు. టైరు అదే, ఇంజిన్ అదే.

చూడండి, సందులో యూటర్న్ కొట్టే ఆటోవాడు ఈ పని రోజూ చేస్తాడు. కుడికి తిరగాలంటే ముందు ఎడమ గోడ పక్కకి వెళ్తాడు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవర్ కూడా అంతే, ఎక్కే దారి వేరు దిగే దారి వేరు కాబట్టి రోడ్డంతా వాడుకుని తిప్పుతాడు. ఆయనకి బస్సు పొడవు వల్ల వచ్చిన అవసరం, మనది స్పీడ్ కోసం, కారణాలు వేరు గానీ గీసే గీత ఒకటే. ఈ మాట విని రేపు మీ బైకుల మీద ఎదురు బండ్లొచ్చే రోడ్డులో ఇది చేశారంటే మాత్రం నాకు సంబంధం లేదు, మీ అమ్మానాన్నలు నా ఇంటికి వస్తారు.

ఇప్పుడు అసలు మెలిక. అదే లెక్క హెయిర్‌పిన్‌కి, అంటే 180 డిగ్రీల మలుపుకి వేసి చూడండి. అవే కొలతలు. మధ్యలో తిరిగితే 31 కిలోమీటర్లు. అంచు నుంచి అంచుకి, ఎంత బాగా గీసినా, వ్యాసార్ధం 10 మీటర్లు దాటదు, స్పీడ్ 36 దగ్గర ఆగిపోతుంది. అక్కడ 22 కిలోమీటర్లు లాభం, ఇక్కడ నాలుగైదు. కాబట్టి హెయిర్‌పిన్‌లో గుండ్రంగా అందంగా తిరగడం మీద ప్రాణం పెట్టక్కర్లేదు. అక్కడ ఆలోచించాల్సింది ఒక్కటే, ఎంత త్వరగా బండిని నేరుగా నిలబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగలను అని. అందుకే లేట్ ఏపెక్స్ అంటారు. మలుపు మధ్యలో కాకుండా, దాన్ని దాటి ఇంకొంచెం లోపలికి వెళ్ళాక కర్బ్ తాకండి. మలుపులోకి దిగేటప్పుడు కాస్త నెమ్మదవుతుంది, ఒళ్ళు మండుతుంది, పర్వాలేదు. బయటికి వచ్చేటప్పుడు స్టీరింగ్ ముందే నేరుగా అయిపోయి ఉంటుంది.

ఎందుకంత పట్టింపు అంటే, 120 మీటర్ల స్ట్రెయిట్ ఉందనుకోండి. దాని మీద సగటున 50తో పోతే 8.6 సెకన్లు, 53తో పోతే 8.15. దాదాపు అర సెకను తేడా. నిజానికి మొదట్లో ఉన్న ఆ 3 కిలోమీటర్ల తేడా స్ట్రెయిట్ చివరికి వచ్చేసరికి తగ్గిపోతుంది కాబట్టి పావు సెకను అనుకుందాం. పోనీ దానికి బదులు బ్రేక్ రెండు మీటర్లు ఆలస్యంగా కొట్టారు, గుండె నోట్లోకి వచ్చింది. ఎంత గెలిచారు? సెకనులో పదో వంతు కూడా కాదు. పైగా స్పీడ్ ఎక్కువై ఏపెక్స్ అందలేదు, బయటికి కొట్టుకుపోయారు, ఆ స్ట్రెయిట్ అంతా నష్టమే. నేను ఏడాదంతా చేసింది ఇదే. బ్రేక్ ఆలస్యం చెయ్యడం ధైర్యం అనుకున్నాను.

బ్రేక్ సంగతి వచ్చింది కాబట్టి, అద్దె కార్ట్‌ల్లో మామూలుగా బ్రేక్ వెనక ఇరుసుకే ఉంటుంది. మీ బండికీ అంతే, ఒకే డిస్క్ చూశాను. బ్రేక్ తొక్కగానే బరువు ముందుకి పోతుంది, వెనక తేలికవుతుంది, ఆ తేలికైన వెనక చక్రాలనే మనం పట్టి ఆపుతున్నాం. అప్పుడు స్టీరింగ్ తిప్పి ఉంటే ఏమవుతుంది? గిర్రున తిరుగుతుంది, అంతే. అందుకని బ్రేక్ పని బండి నేరుగా ఉన్నప్పుడే ముగించెయ్యాలి. రెండు పెడల్స్ ఒకేసారి తొక్కొద్దు, క్లచ్ మాడుతుంది. చాలా మలుపులకి బ్రేక్ అవసరమే ఉండదు, యాక్సిలరేటర్ మీద కాలు చిటికెడు ఎత్తితే సరిపోతుంది. ఏ మలుపుకి బ్రేక్ అక్కర్లేదో కనుక్కోవడానికే నాకు నాలుగు సెషన్లు పట్టింది ఒక ట్రాక్‌లో.

వరసగా ఎడమ, కుడి, ఎడమ మలుపులొస్తే? అన్నిట్లోనూ బాగా తిరగాలంటే కుదరదు. ఏది స్ట్రెయిట్‌లోకి వదులుతుందో, చివరిది, దాన్ని బాగా చెయ్యండి. దానికి ముందున్న వాటిని త్యాగం చెయ్యండి. చివరి దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, చివరి మలుపుకి నేను ఏ అంచున ఉండాలి, అక్కడ ఉండాలంటే దాని ముందు మలుపు నుంచి ఎక్కడికి బయటపడాలి, అలా.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా, మీరు అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 18 మలుపులు, ఇటు గోడ అటు గోడ. నేను వెళ్ళాను. అందరూ కార్ల ముందుభాగం చూస్తుంటే నేను మలుపు బయటికొచ్చే చోట గోడనే చూస్తూ కూర్చున్నాను. ల్యాప్ తర్వాత ల్యాప్, ఆ గోడకి జానెడు దూరంలో, ప్రతిసారీ అదే జానెడు. మనవాళ్ళు ఇంకా రెండు మీటర్ల ట్రాక్ మిగిల్చి బయటపడతారు. ఆ రెండు మీటర్లకి కూడా మనం డబ్బులు కట్టామండీ! (నవ్వులు) బయటి అంచు దాకా వెళ్ళకుండానే బండి తిరిగేస్తోందంటే, ఇంకొంచెం స్పీడ్‌తో తిరగొచ్చనే కదా.

కళ్ళ గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. ముందున్న బండి బంపర్ చూస్తూ నడిపితే అది చేసే తప్పే మీరూ చేస్తారు. బ్రేక్ చేస్తున్నప్పుడు కళ్ళు ఏపెక్స్ మీద, తిప్పేటప్పుడు బయటపడే చోటు మీద. కళ్ళు ఎటుంటే చేతులు అటే పోతాయి. గోడని చూస్తే గోడకే పోతారు, నేను పోయి చూశాను.

ప్రాక్టీస్ ఎలా చెయ్యాలి అంటే, వీలైతే ముందు ట్రాక్ నడిచి చూడండి. నడిచేటప్పుడు మలుపు దగ్గర చతికిలబడి కూర్చుని చూడండి. నవ్వుతారు జనం, నవ్వనివ్వండి. కార్ట్‌లో మన కళ్ళు నేలకి అంత దగ్గరగా ఉంటాయి, నిలబడి చూస్తే కనపడే ఏపెక్స్ కూర్చుంటే టైర్ల గోడ వెనక దాక్కుంటుంది. అప్పుడు గుర్తు పెట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కోవాలి, ఒక రంగు టైరు, నేల మీద అతుకు, ఎవరో ఆయిల్ ఒలకబోసిన మరక. తారు మీద నల్లగా రబ్బరు పట్టిన చార ఉంటుంది, అందరూ పోయే దారి అది. దాన్ని గుడ్డిగా నమ్మొద్దు, సగం మంది తప్పుగానే పోతారు. ఆ చార నుంచి అడ్డంగా బయటికి జారిన గీతలు చూశారంటే ఎక్కడ ఎక్కువమంది స్పిన్ అవుతున్నారో తెలిసిపోతుంది.

ఆపైన ఒక సెషన్‌కి ఒక్క మలుపే పెట్టుకోండి. మొదటి రెండు ల్యాపులు టైర్లు చల్లగా ఉంటాయి, వాటిని లెక్కలో వెయ్యకండి. మిగతా మలుపులు మామూలుగా పోనిచ్చి, ఆ ఒక్క చోట ఏపెక్స్‌ని ఒక అడుగు ముందు, ఒక అడుగు వెనక మార్చి చూడండి. తర్వాత కాగితం తీసుకుని బెస్ట్ ల్యాప్‌కి చప్పట్లు కొట్టుకోకండి. నా పాత కాగితం ఒకటి దాచుకున్నాను, చూడండి, 46.8, 48.1, 46.5, 49.3, 47.0. ఇది నడపడం కాదు, లాటరీ. తర్వాతి ఏడాది కాగితం, 46.1, 46.0, 46.2, 46.1. ఒకేలా నడపడం వచ్చాకే ఏం మార్చితే ఏం జరిగిందో తెలుస్తుంది. అప్పటిదాకా చేసే మార్పులన్నీ చీకట్లో చెయ్యి పెట్టి వెతకడమే. అద్దె బండ్లలో ఒకటి బాగుంటుంది, ఒకటి నత్తలా ఉంటుంది, అందుకని మీ టైముని పక్కవాడి టైముతో కాదు, ఆ రోజు ఆ బండిలో మీ టైముతోనే పోల్చుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(వర్షం పడితే కూడా ఇదే లైనా అని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్న. కాదు. ఎండలో పట్టు ఇచ్చిన ఆ నల్ల రబ్బరు చారే తడిస్తే సబ్బులా అవుతుంది. అందుకని వానలో దాన్ని వదిలేసి మలుపు బయటి అంచు వైపు, గరుకుగా ఉన్న చోట తిరుగుతారు. దూరం ఎక్కువే, పట్టు దొరుకుతుంది కాబట్టి గిట్టుబాటు అవుతుంది. ఫార్ములా వన్ ఛాంపియన్ అయర్టన్ సెన్నా కుర్రాడిగా ఉన్నప్పుడు వానలో జరిగిన కార్ట్ రేసులో ఘోరంగా ఓడిపోయి, ఆ తర్వాత వాన పడ్డప్పుడల్లా బండి తీసుకుని వెళ్ళిపోయేవాడట. మన దగ్గర వాన రాగానే షెడ్డులోకి పరిగెత్తి పకోడీలు చెప్తాం.

ఇంకెవరు? ఆ, నువ్వు తమ్ముడూ.

(మలుపులో ఒంటిని లోపలికి వంచాలా, బైకు మీద లాగా, అని ప్రశ్న.)

వద్దు. మోటార్‌సైకిల్ వేరు. ఇక్కడ లోపలి వెనక చక్రం లేవాలని కదా మనం చూస్తున్నాం, నువ్వు లోపలికి వంగితే నీ బరువంతా దాని మీదే పడుతుంది, లేవనివ్వవు. సీటుకి వీపు ఆనించి నిటారుగా కూర్చో. స్టీరింగ్‌ని మూడూ తొమ్మిది గంటల దగ్గర పట్టుకో, పిసికి చంపకు. గట్టిగా పట్టుకున్నావంటే పది నిమిషాల్లో ముంజేతులు రాయిలా అయిపోతాయి. ఒక మాట మర్చిపోయాను, పక్కటెముకలకి కట్టుకునే ప్యాడ్ కొనుక్కోండి అందరూ. మొదటిసారి నేను అది లేకుండా అరగంట నడిపి, మర్నాడు ఆఫీసులో తుమ్ము వస్తే కుర్చీ పట్టుకుని ఏడ్చినంత పని చేశాను.

చాలు, మాటలు ఎక్కువయ్యాయి, ఎండ కూడా తగ్గింది. మీ బండి బయటే ఉంది కదా? నలుగురు వెళ్ళి ఆ సిమెంటు గ్రౌండులో కోన్లతో ఒక హెయిర్‌పిన్ వెయ్యండి, వెడల్పు ఐదు మీటర్లు ఉండాలి, అడుగులతో కొలవొద్దు, టేపు తెచ్చుకోండి. ఒకరు కింద కూర్చుని లోపలి వెనక చక్రాన్నే చూడాలి, లేస్తోందా లేదా అని. హెల్మెట్ ఎవరిది? ముందు నువ్వే కూర్చో తమ్ముడూ, నిటారుగా.